మినమాట రేవు: గులాబీ తోట కింది బురద

జపాను దేశానికి దక్షిణాన క్యూషూ అనే పెద్ద దీవి ఉన్నది. ఆ దీవి పడమటి తీరాన, కుమమోటో ప్రాంతంలో, షిరనుయి సముద్రం ఒడ్డున మినమాట అనే చిన్న పట్టణం ఉన్నది. సముద్రమని పేరే గాని చుట్టూ దీవులు కాపలా కాయడం వలన అక్కడి నీరు చెరువులాగా నిమ్మళంగా ఉంటుంది. మన తూర్పు తీరపు కెరటాల హోరుకు అలవాటుపడిన చెవులకు ఆ నిశ్శబ్దం వింతగా తోస్తుంది. ఫుకువోకా నగరంలో హకాటా స్టేషనులో బుల్లెట్ రైలు ఎక్కితే గంట పైచిలుకు ప్రయాణంలో షిన్-మినమాట స్టేషనులో దిగవచ్చును. కొండవాలుల మీద నారింజ జాతి చెట్లు, మడులలో ఉల్లి, అక్కడక్కడ తేయాకు తోటలు. పల్లెటూరి నుండి వెళ్ళినవారికి మొదటి చూపులోనే మన ఊరి వంటిదే అనిపిస్తుంది.

ఊరికి ఒక ప్రక్కగా సముద్రపు ఒడ్డున విశాలమైన ఉద్యానవనం ఉన్నది. గులాబీ తోట, వెదురు తోట, పిల్లలు ఆడుకునే మైదానాలు, నడిచేవారి కొరకు బాటలు. ఆదివారం సాయంత్రం కుటుంబాలన్నీ అక్కడే కనబడతాయి. ఆ నేల బల్లపరుపుగా ఉన్నది. చుట్టూ ఎక్కడ చూచినా కొండలే గాని ఇంత సమతలం మరెక్కడా లేదు గదా అని అనుమానం వస్తుంది. ఆ అనుమానం సరియైనదే. ఇది దేవుడు చేసిన నేల కాదు, మనుష్యులు చేసిన నేల. 58 హెక్టారులు, అనగా మన లెక్కలో 143 ఎకరాలకు పైన. 1977కు ముందు ఇది మినమాట అఖాతంలో భాగం. ఆ గులాబీ మొక్కల వేళ్ళకు చాలా లోతున పాదరసం కలిసిన బురద ఉన్నది. దానిని అక్కడ ఎందుకు పెట్టారో, ఎలా పెట్టారో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఏ ఓడరేవుకైనా పూడిక తప్పదు. నది తెచ్చే ఒండ్రు, కెరటాలు తోసుకొచ్చే ఇసుక రేవులో చేరి లోతు తగ్గిపోతుంది. ఓడ అడుగు నేలకు తగలకుండా ఎప్పటికప్పుడు తోడవలసిందే. విశాఖపట్నం వెళ్ళినవారు డాల్ఫిన్స్ నోస్ కొండ క్రింద డ్రెడ్జరు ఓడలను చూచే ఉంటారు. దక్షిణం నుండి ఉత్తరానికి తీరం వెంబడి నడిచి వచ్చే ఇసుకను అక్కడ ఆపి, తోడి, అవతలి వైపు కోసుకుపోయే బీచికి చేరవేస్తారు. తోడిన ఇసుక అక్కడ ఉపయోగపడే సరుకు. అయితే తోడవలసినది విషమైతే ఏమి చేయాలి? కదిలిస్తే నీళ్ళలో కలుస్తుంది. కదిలించకపోతే చేపల ద్వారా మన పళ్ళెంలోకి వస్తుంది. మినమాట వారి ముందు నిలిచిన ప్రశ్న ఇదే.

ఒకప్పుడు మినమాట వారు చేపలు పట్టుకొని, ఉప్పు పండించుకొని బ్రతికేవారు. 1905లో ఉప్పు వ్యాపారమంతా ప్రభుత్వం తన చేతిలోకి తీసుకోవడంతో ఉప్పు మడుల వారికి పని పోయింది. అటువంటి సమయంలో 1908లో ఒక కార్‌బైడు ఫ్యాక్టరీ వచ్చింది. తరువాత అది చిస్సో అనే పేరుతో ప్రసిద్ధి కెక్కింది. ఊరివారు దానిని సంతోషంగా ఆహ్వానించారు. మన ప్రాంతానికి ఒక ఫ్యాక్టరీ వస్తే మనకు మాత్రం ఆశ ఉండదా? ఎరువులు, రసాయనాలు, పిమ్మట ప్లాస్టిక్కు తయారీకి కావలసిన సరుకులు అక్కడ తయారయ్యేవి. ఊరిలో చదువుకున్న పిల్లవాడికి చిస్సోలో ఉద్యోగం వస్తే ఆ ఇంటివారి మర్యాదే వేరు.

1932లో ఆ ఫ్యాక్టరీ పాదరసం సహాయంతో ఎసిటాల్డిహైడ్ అనే రసాయనం తయారుచేయడం మొదలుపెట్టింది. ఆ ప్రక్రియలో మిథైల్ మెర్క్యురీ అనే పదార్థం కొద్ది కొద్దిగా పుడుతుంది. ఇది పాదరసంలో అతి భయంకరమైన రూపం. వాడిన నీళ్ళు హ్యక్కెన్ అనే చోట కాలువ ద్వారా రేవులోకి వదిలేవారు. వాటితోపాటు కార్‌బైడు మడ్డి కూడా వచ్చి రేవును పూడ్చివేసింది. చేపలు తగ్గిపోతున్నవని బెస్తవారు మొరపెట్టుకుంటే 1926లోనే కంపెనీ 1,500 యెన్లు చేతిలో పెట్టి, ఇక మీదట ఏ ఫిర్యాదూ చేయమని వ్రాయించుకున్నది. పాదరసం రాకముందే ఆ కథ మొదలైంది. 1943లో మరికొంత ముట్టింది, మరల అదే షరతు. ఆ రెండు కాగితాల సంగతి చదివినప్పుడు నాకు కోపంకంటె దిగులు ఎక్కువ కలిగింది. అవసరంలో ఉన్నవాని చేత ఎటువంటి సంతకమైనా పెట్టించవచ్చును గదా.

1950ల మొదట్లో అఖాతం చుట్టూ ఉన్న పల్లెలలో పిల్లులు పిచ్చెత్తినట్లు గిరగిర తిరిగి, గోడలకు కొట్టుకొని, సముద్రంలో పడి చావడం మొదలుపెట్టాయి. కాకులు ఎగురుతూ ఎగురుతూ నేల మీద పడేవి. పిల్లులు లేక ఎలుకల బెడద పెరిగింది. 1956 ఏప్రిల్‌లో ఆరేళ్ళు కూడా నిండని ఒక చిన్నపిల్లను చిస్సో ఆసుపత్రికి తీసుకువచ్చారు. నడవలేదు, మాట తడబడుతున్నది, చేతులు వంకర పోతున్నవి. కొద్ది రోజులకే ఆమె చెల్లెలికి కూడా అదే జబ్బు. ఆసుపత్రి పెద్ద డాక్టరు హొసొకావా హజిమె మే 1న ఆరోగ్యశాఖకు, కారణం తెలియని జబ్బు వ్యాపిస్తున్నదని తెలియజేశారు. అదే మినమాట వ్యాధిని అధికారికంగా కనుగొన్న రోజుగా లెక్క.

మొదట దానిని అంటురోగమనుకున్నారు. రోగుల ఇళ్ళ మీద మందు చల్లారు. పొరుగువారు రావడం మానేశారు. ఆ ఇళ్ళవారు అంగడికి వెళితే, వారి చేతి డబ్బును చేతితో తాకకుండా పుల్లలతో అందుకున్న అంగడివారు కూడా ఉన్నారట. ఆ ఇంటి పిల్లలకు పెండ్లి సంబంధాలు రావు. చేపలు అమ్ముడుపోవు గనుక ఎవరి ఇంట్లోనైనా జబ్బు కనబడితే దాచిపెట్టుకోవడం అలవాటైంది. అమ్ముడుపోని చేపనే మూడు పూటలా తినేవారు. తినడానికి వేరే ఏమున్నది?

కుమమోటో విశ్వవిద్యాలయపు వైద్యులు 1959 జూలైలో సేంద్రియ పాదరసమే కారణమని ప్రకటించారు. ఆ రోజులలో కాలువ మొగదల బురదను పరీక్షిస్తే పది లక్షల పాళ్ళలో 2,010 పాళ్ళు పాదరసమని తేలింది. అనగా కిలో తడి బురదలో రెండు గ్రాములు! డాక్టరు హొసొకావా స్వయంగా ఫ్యాక్టరీ మురుగునీటిని అన్నంలో కలిపి పిల్లులకు పెట్టి చూచారు. 400 నెంబరు పిల్లికి అక్టోబరులో అదే జబ్బు వచ్చింది. ఆ ప్రయోగం కొనసాగించవద్దని కంపెనీ పెద్దలు చెప్పారు. ఆ సంగతి లోకానికి తెలిసేసరికి చాలా ఏండ్లు గడిచాయి. 1970లో ఆయన క్యాన్సరుతో మంచం మీద ఉండి కోర్టుకు సాక్ష్యం చెప్పారు. అదే సంవత్సరం కన్నుమూశారు. జీతం పుచ్చుకున్న కంపెనీకి వ్యతిరేకంగా, చివరి రోజులలోనైనా, నోరు విప్పిన ఆ డాక్టరును గురించి అక్కడివారు ఇప్పటికీ గౌరవంగా చెప్పుకుంటారు.

ఈ మధ్యలో కంపెనీ చేసిన పని ఒకటి చెప్పాలి. 1958లో మురుగు కాలువను హ్యక్కెన్ నుండి మినమాట నది మొగకు మళ్ళించారు. ఫలితమేమిటంటే ఒక అఖాతంలో ఉన్న విషం షిరనుయి సముద్రమంతటా పాకి, క్రొత్త పల్లెలలో రోగులు కనబడ్డారు. మరుసటి ఏడు దానిని ఆపించారు. 1959 డిసెంబరులో నీటిని శుభ్రపరిచే యంత్రమని ఒకదానిని ఆర్భాటంగా ప్రారంభించారు. కరిగిన పాదరసాన్ని తీయడానికి అది పనికిరాదని తరువాత తేలింది గాని, అప్పటికి ఊరంతా ఇక భయం లేదనుకున్నది. అదే నెల 30వ తేదీన రోగుల కుటుంబాలతో ఒప్పందం కుదిరింది. చనిపోయినవారికి 3 లక్షల యెన్లు, పెద్దలకు ఏటా లక్ష, పిల్లలకు ఏటా 30 వేలు. రేపు ఫ్యాక్టరీదే తప్పని రుజువైనా ఇంకేమీ అడగకూడదని అందులో ఒక మాట ఉన్నది. 1973 మార్చిలో కుమమోటో జిల్లా కోర్టు ఆ ఒప్పందం చెల్లదని తీర్పు చెప్పింది.

తల్లులు ఈ సంగతి శ్రద్ధగా చదవాలి. బురదలోని పాదరసం సన్నటి జీవులలోకి, వాటిని తిన్న చిన్న చేపలలోకి, వాటిని తిన్న పెద్ద చేపలలోకి చేరుతూ మెట్టు మెట్టుకూ పెరుగుతుంది. చేప రంగు మారదు, రుచి మారదు, వాసన రాదు. ఉడికించినా, ఎండబెట్టినా పోదు. కడుపులోని బిడ్డకు విషం చేరకుండా మాయ అడ్డుగోడలాగా కాపాడుతుందని ఆ కాలపు వైద్యుల నమ్మకం. కాని మినమాటలో తల్లి బాగానే ఉండి, పుట్టిన బిడ్డ మెడ నిలపలేని స్థితిలో ఉండేది. తల్లి తిన్న విషాన్ని బిడ్డ తనలోకి లాగుకున్నదన్నమాట. యువ వైద్యుడైన హరదా మసజుమి ఇంటింటికీ తిరిగి ఆ పిల్లలను పరీక్షించారు. 1962లో అది పుట్టుకతో వచ్చిన మినమాట వ్యాధియే అని ఒప్పుకొనక తప్పలేదు. జపాను తల్లులకు బిడ్డ బొడ్డుతాడును ఎండబెట్టి చిన్న పెట్టెలో దాచుకొనే ఆచారం ఉన్నది. ఏండ్ల తరువాత పరిశోధకులు ఆ పెట్టెలలోని బొడ్డుతాళ్ళనే పరీక్షించి ఏ సంవత్సరం పుట్టిన బిడ్డకు ఎంత విషం అందిందో లెక్కగట్టారు. ముద్దుగా దాచుకున్న ఆ చిన్న పెట్టెలే సాక్ష్యాలయ్యాయి.

1968 మే నెలలో ఆ ఎసిటాల్డిహైడ్ తయారీ ఆగిపోయింది. పశ్చాత్తాపం వలన కాదు, పద్ధతి పాతబడిపోయినందువలన. సెప్టెంబరులో ప్రభుత్వం జబ్బుకు కారణం ఫ్యాక్టరీయే అని ఒప్పుకున్నది. ఆ ఏడు ఆగస్టులోనే ఫ్యాక్టరీ కార్మిక సంఘం ఒకటి, ఇంతకాలం రోగుల ప్రక్కన నిలబడనందుకు సిగ్గుపడుతున్నామని తీర్మానం చేసింది. అంతటి తీర్మానం నేను మరెక్కడా వినలేదు.

కాలువ ఆగింది గాని బురద ఉన్నది. 70 నుండి 150 టన్నుల వరకు పాదరసం సముద్రంలోకి పోయి ఉంటుందని అంచనా. హ్యక్కెన్ దగ్గర ఆ బురద మందం కొన్ని చోట్ల నాలుగు మీటర్లు. ముందుగా 1974లో అఖాతం మొగకు వల కట్టారు. లోపలి చేప బయటకు, బయటి చేప లోపలికి రాకుండా. ఓడలు తిరిగే దారిని వలతో మూయలేరు గదా, అక్కడ చేపలను బెదరగొట్టే శబ్ద యంత్రాలు పెట్టారు. లోపల పట్టిన చేపలను కంపెనీ కొని, తినడానికి వీలు లేకుండా పీపాలలో పెట్టించింది. పట్టడం, పారవేయడం. బెస్తవానికి అంతకంటె చేదు పని ఉంటుందా?

బురదను ఏమి చేయాలన్నదానిపై చాలా తర్జనభర్జనలు జరిగాయి. తోడి దూరంగా సముద్రంలో పోస్తే అక్కడి చేపలకు పడుతుంది. లారీలలో కొండలకు తోలితే ఏ ఊరివారూ ఒప్పుకోరు, దారి పొడవునా కారుతుంది. అక్కడే వదిలేస్తే ప్రతి తుఫానుకూ కదులుతుంది. చివరకు, పది లక్షల పాళ్ళలో 25 పాళ్ళకు మించి పాదరసం ఉన్న బురదనంతటినీ తీసి, అఖాతంలోనే ఒక మూలను గోడ కట్టి, అందులో పూడ్చి మూయాలని నిర్ణయించారు. 1977లో పని మొదలైంది. తోడడం వలన విషం మరల లేస్తుందని భయపడిన ప్రజలు కోర్టుకు వెళ్ళారు. రెండేండ్లకు పైగా పని ఆగింది. ఆ భయం తెలివితక్కువ భయం కాదు. అంతవరకు చెప్పినవన్నీ అబద్ధాలైనప్పుడు ఈసారి చెప్పినది నమ్మాలని ఎవరు అడగగలరు? 1980లో కోర్టు అభ్యంతరాలను త్రోసిపుచ్చిన తరువాత పని మరల సాగింది.

ఆ పని తీరు తెలుసుకోదగినది. ఇనుప పలకలను ఒకదానికొకటి గొళ్ళెం పెట్టినట్లు గుండ్రంగా దిగగొట్టి, పెద్ద పెద్ద గాదెల వంటి వలయాలు చేసి, వాటిని ఇసుకతో నింపారు. ఒకదాని ప్రక్కన ఒకటి అలా నిలబెట్టగా అదే గోడ. బురద ఎక్కువ మందంగా ఉన్న లోపలి భాగమంతా ఆ గోడ వెనుక ఉండిపోయింది. బయట మిగిలిన 151 హెక్టారుల అడుగును తోడాలి. మామూలు డ్రెడ్జరుకు నేలను గీరే పళ్ళుంటాయి. ఆ పళ్ళు తిరిగితే బురద నీళ్ళలో పొగలాగా లేస్తుంది. గనుక పళ్ళు లేకుండా, మెల్లగా పీల్చే డ్రెడ్జర్లనే వాడారు. పీల్చిన బురద గొట్టాల ద్వారా గోడ వెనుకకు చేరేది. పని జరిగినన్నాళ్ళు నీటి మురికిని, నీటిలోని పాదరసాన్ని, చేపలను పరీక్షిస్తూనే ఉన్నారు. హద్దు దాటితే పని ఆపివేయాలని నియమం.

ఇలా తోడిన బురద 7 లక్షల 84 వేల ఘనపు మీటర్లు. గోడ వెనుక ఉండిపోయిన దానితో కలిపితే 15 లక్షల ఘనపు మీటర్లు. మన ఊళ్ళలో మట్టి తోలే ట్రాక్టరు ట్రక్కులో మూడు ఘనపు మీటర్లు పడుతుందనుకుంటే ఐదు లక్షల ట్రక్కులన్నమాట. అంత బురద పెరుగులాగా మెత్తగా ఉంటుంది, మనిషి నిలబడితే దిగిపోతాడు. దాని మీద ముందుగా గట్టి గుడ్డ వంటి పట్టాలు పరిచి, త్రాళ్ళు కట్టి, వాటి మీద ఆ ప్రాంతంలో దొరికే తేలికైన అగ్నిపర్వతపు మట్టిని పలుచగా పోశారు. బరువైన మట్టి ఒక్కసారిగా పోస్తే బురద ప్రక్కలకు తన్నుకు వస్తుంది గదా. అది కుదుటపడిన తరువాత కొండమట్టి కప్పారు. విషపు చేపల పీపాలు కూడా ఆ నేలలోనే ఉన్నాయి. 1990 మార్చిలో పని ముగిసింది. ఖర్చు 4,850 కోట్ల యెన్లు. అందులో సగానికి మించి చిస్సో భరించవలసి వచ్చింది. అప్పటికే నష్టపరిహారాలతో కుంగిపోయిన కంపెనీ మూతపడకుండా కుమమోటో ప్రభుత్వమే అప్పులిచ్చి నిలబెట్టింది. కంపెనీ పోతే రోగులకు డబ్బు ఇచ్చేవారెవరు? ఈ చిక్కుముడి ఎవరికీ రుచించలేదు గాని విప్పేవారు కూడా దొరకలేదు.

విషపు బురదతో వేగవలసి వచ్చిన రేవు మినమాట ఒక్కటే కాదు. హాలండులోని రోటర్‌డాం రేవులో ఏటేటా తోడే పూడికలో రైన్ నది తెచ్చే ఫ్యాక్టరీ మురికి కలిసేది. వారు 1987లో సముద్రపు అంచున స్లుఫ్టర్ అనే పెద్ద గుంట కట్టి, మరీ చెడిన బురదను అందులో పోయసాగారు. దానితోపాటు వారు చేసిన మరొక పని నాకు ఇంకా నచ్చింది. నది ఎగువకు వెళ్ళి, ఏ ఫ్యాక్టరీ కాలువ నుండి ఏ విషం వస్తున్నదో పట్టిపట్టి కొలిచి, కోర్టుకు వెళ్ళగలమని చెబుతూనే, మురికి తగ్గించేందుకు ఒప్పందాలు చేసుకున్నారు. ఏండ్లు గడిచేసరికి బురద శుభ్రపడి, ఆ గుంట అనుకున్నంత త్వరగా నిండలేదు. మినమాట వారికి ఆ అవకాశం లేదు. వారి ఎగువ నది కాదు, వారికి అన్నం పెట్టే ఫ్యాక్టరీ.

1994 నుండి వరుసగా మూడేండ్లు పరీక్షించిన చేపలన్నీ ప్రభుత్వపు హద్దుకు లోబడి ఉండటంతో 1997 జూలైలో అఖాతం క్షేమమని ప్రకటించి, ఆ శరత్కాలంలో వల తీసివేశారు. ఇరవై మూడేండ్ల వల అది. ఆ వల కట్టిన నాడు పుట్టిన పిల్లవాడు వల తీసేనాటికి పెండ్లీడుకు వచ్చాడు.

ఇప్పుడు ఆ పూడ్చిన నేల అంచున, నీళ్ళవైపు తిరిగి, చిన్న చిన్న రాతి బొమ్మలు వరుసగా ఉన్నాయి. రోగులు, వారి మిత్రులు తమ చేతులతో చెక్కి పెట్టినవి. చాలా వాటికి బుద్ధుని పోలికలున్నాయి, కొన్నింటికి పసిపిల్లల ముఖాలు. చనిపోయిన మనుష్యుల కొరకే గాక చేపల కొరకు, పక్షుల కొరకు, పిల్లుల కొరకు కూడా వారు దుఃఖపడుతున్నారని అక్కడ చెప్పారు. దగ్గరి గుట్ట మీద 1993లో తెరిచిన ప్రదర్శనశాలలో రోగులో, వారి ఇంటివారో కూర్చొని బడిపిల్లలకు తమ కథ తామే చెప్పే ఏర్పాటు ఉన్నది. ఒకప్పుడు ఊరి పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడినవారు ఇప్పుడు ఆ పేరుతోనే మాట్లాడుతున్నారు. 2013లో ప్రపంచ దేశాలు పాదరసం వాడకం తగ్గించుకోవడానికి చేసుకున్న ఒప్పందానికి కూడా మినమాట పేరే పెట్టారు.

రోగులుగా ప్రభుత్వం గుర్తించినవారు ఆ తీరంలో 2,200 మందికి పైన. గుర్తింపు లేకుండా సహాయం మాత్రం పొందినవారు దానికి ఎన్నో రెట్లు. ఇంకా కోర్టులలో తిరుగుతున్నవారు ఉన్నారు. తల్లి కడుపులోనే జబ్బుపడిన ఆ పిల్లలకు ఇప్పుడు అరవై ఏండ్లు దాటాయి. వారిని ఎత్తుకొని తిరిగిన తల్లిదండ్రులు చాలామంది గతించారు గనుక, ఇక చూచేదెవరన్నది ఆ ఊరిలో అందరినీ కలతపెట్టే మాట.

నేల సంగతి కూడా అటువంటిదే. గులాబీల క్రింద బురద అలాగే ఉన్నది. పాదరసం కుళ్ళిపోయేది కాదు, కాలిపోయేది కాదు. ఇనుప గోడ ఉప్పునీటిలో నిలబడి ఉన్నది, ఇనుము శాశ్వతం కాదు. ఆ ప్రాంతం భూకంపాలకు కొత్తది కాదు, 2016లో కుమమోటోను పెద్ద భూకంపమే కుదిపింది. గనుక ప్రభుత్వం వారు ఆ గోడను, చుట్టుప్రక్కల నీటిని, చేపలను పరీక్షిస్తూనే ఉన్నారు. ఎప్పటికో ఒకప్పుడు ఆ గోడ బయట మరొక గోడ కట్టవలసి వస్తుంది. రేవులో ఇప్పుడు చిన్న పడవలు వెళుతున్నాయి. సన్నటి తెల్ల చేపలను పట్టి, ఉడికించి, ఎండబెట్టి అమ్ముతారు. ఉద్యానవనం ప్రక్కనున్న అంగడిలో ఉల్లిపాయలు, నారింజలు పెట్టిన బల్లల వద్ద, ఆ ఊరి సరుకు కొనడానికి దూరప్రాంతాల నుండి వచ్చినవారు వరుసలో నిలబడి ఉన్నారు.